నేలను చదివిన మనిషి – హ్యూ హామండ్ బెన్నెట్

మన హాస్టల్‌లో కొత్తగా చేరిన తమ్ముణ్ణి మీ నాన్న ఏం చేస్తారని అడిగితే ఎక్కువగా వచ్చే జవాబు వ్యవసాయం, లేదా కూలి పని. భూమి ఎంత అంటే ఎకరం, రెండెకరాలు అంటారు. అది ఏ రకం నేల అని మాత్రం ఎవరూ అడగరు. మేమూ అడిగేవాళ్ళం కాదు. మాలో ఒకరి ఇంట్లో జరిగిన సంగతి తర్వాత అడగడం నేర్చుకున్నాం. పక్క ఊరి నల్లరేగడిలో పత్తి బాగా పండిందని, వాళ్ళ నాన్న ప్రభుత్వం ఇచ్చిన రెండెకరాల గరుసు చెలకలో అప్పు తెచ్చి పత్తి వేశారు. మూడు వారాలు వాన మొహం చాటేసింది. రేగడిలో పైరు నిలబడింది, చెలకలో ఎండిపోయింది. ఆ చెలకలో మట్టి లోతు జానెడే. కింద అంతా రాయి. ఆ మాట ముందే చెప్పినవాళ్ళు లేకపోయారు.

నేల సంగతి రైతుకు ముందే తెలియాలని జీవితమంతా పాటుపడిన హ్యూ హామండ్ బెన్నెట్ గురించి ఈ వార్షికోత్సవ సంచికలో తమ్ముళ్ళకు చెప్పాలనుకున్నాం.

బెన్నెట్ 1881 ఏప్రిల్ 15న అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో, ఆన్సన్ కౌంటీలో పుట్టారు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. వాళ్ళది పత్తి పండించే కుటుంబం. ఎర్రమట్టి, వాలు నేలలు. వాన పడితే మట్టి కొట్టుకుపోకుండా తండ్రి వాలుకు అడ్డంగా గట్లు వేయిస్తుంటే చిన్నప్పుడు బెన్నెట్ కూడా సాయం చేశారు. కాలేజీలో రెండేళ్ళు చదివాక డబ్బు చాలక చదువు ఆగింది. మందుల షాపులో పనిచేసి, కొంత కూడబెట్టుకుని మళ్ళీ కాలేజీకి వెళ్ళి 1903లో పట్టా పుచ్చుకున్నారు. ఈ ఒక్క విషయం మన తమ్ముళ్ళు గుర్తుపెట్టుకున్నా చాలు. ఆగిన చదువు మళ్ళీ మొదలుపెట్టవచ్చు.

అదే సంవత్సరం ప్రభుత్వ నేలల శాఖలో చేరారు. ల్యాబ్‌లో పనిచేయాలనుకున్న ఆయనను టెన్నెసీ రాష్ట్రానికి నేల సర్వేకు పంపారు. సర్వే అంటే ఆఫీసులో కూర్చునే పని కాదు. పొలం తర్వాత పొలం నడవాలి. ఇనుప బర్మా నేలలోకి దించి మట్టి తోడాలి. రంగు చూడాలి, వేళ్ళ మధ్య నలిపి ఇసుక ఎంత, బంక ఎంత అని తేల్చాలి. ఎంత లోతులో రాయి తగిలిందో రాయాలి. ఒక రకం నేల ఎక్కడ ముగిసి ఇంకో రకం ఎక్కడ మొదలవుతుందో పటం మీద గీత గీయాలి. ఆ గీతలన్నీ కలిస్తే ఒక జిల్లా నేలల పటం అవుతుంది.

1905లో వర్జీనియా రాష్ట్రంలోని లూయీసా కౌంటీలో ఆయన కళ్ళు తెరిపించిన సంగతి ఒకటి జరిగింది. అడవి, పక్కనే దున్నిన పొలం. ఒకే వాలు, కింద ఒకే రాయి. అడవిలో మట్టి మెత్తగా, తేమగా చేతికి వచ్చింది. పొలంలో గట్టి బంకమట్టి తగిలింది. రెండూ ఒకప్పుడు ఒకే నేల. దున్నిన చోట ప్రతి వానకూ పైమట్టి పలుచని పొరగా లేచిపోయింది. గండి పడితే అందరికీ కనిపిస్తుంది. పొరగా పోయేది ఎవరికీ కనిపించదు. రైతు మాత్రం పంట తగ్గిందని అనుకుంటాడు.

చిత్రం ఏమిటంటే, నేల ఎన్నటికీ తరగని ఆస్తి అని ఆయన పనిచేసే శాఖే 1909లో ఒక పుస్తకంలో ప్రకటించింది. పై అధికారి మాటకు ఎదురు చెప్పడం ఏ ఉద్యోగంలోనైనా కష్టమే. బెన్నెట్ కొలతలతో జవాబు చెప్పారు. సౌత్ కరోలినాలోని ఫెయిర్‌ఫీల్డ్ కౌంటీలో 1911 సర్వే పటం తీసి చూస్తే ఒకప్పుడు సాగైన సుమారు 90 వేల ఎకరాలు కోతకు గురై పాడైపోయినట్టు తేలింది. ఇలాంటి లెక్కలు పోగుచేసి 1928లో మరొకరితో కలిసి, నేల కోత దేశానికి పెద్ద ముప్పు అని హెచ్చరిస్తూ చిన్న పుస్తకం రాశారు. మరుసటి ఏడాది పార్లమెంటు పరిశోధన కేంద్రాలకు 1,60,000 డాలర్లు ఇచ్చింది.

ఆ తర్వాత దేశం మధ్యలోని మైదానాల్లో కరువు వచ్చింది. అంతకుముందు గోధుమ ధర బాగుందని అక్కడి గడ్డినేలను లక్షల ఎకరాల్లో దున్నేశారు. వాన లేక మట్టి దుమ్మై లేచింది. 1934 మేలో ఆ దుమ్ము వందల మైళ్ళు దాటి న్యూయార్క్, వాషింగ్టన్ నగరాల మీద పడింది. 1935లో బెన్నెట్ సెనెట్ కమిటీ ముందు మాట్లాడుతుండగా దుమ్ము మేఘం రాజధానిని కమ్మిందని, సభ్యులు కిటికీల దగ్గరికి వెళ్ళి చూశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఏడాది ఏప్రిల్ 27న నేల సంరక్షణ చట్టం వచ్చింది. కొత్త శాఖకు బెన్నెట్ మొదటి అధిపతి అయ్యారు. 1951 దాకా ఆయనే నడిపారు.

ఆ శాఖ చేసిన పనుల్లో మాకు బాగా నచ్చింది భూమిని ఎనిమిది తరగతులుగా విడదీయడం. నేల లోతు, వాలు, కోత, తడి చూసి తరగతి ఇస్తారు. మొదటి నాలుగు తరగతులు సాగుకు పనికొస్తాయి. ఒకటో తరగతికి మామూలు జాగ్రత్త చాలు, నాలుగో తరగతికి చాలా జాగ్రత్త కావాలి. అయిదు నుంచి ఎనిమిది దాకా గడ్డికి, చెట్లకు, వన్యప్రాణులకు వదలాలి. పటం మీద ఒక్కో తరగతికి ఒక్కో రంగు. అక్షరం రాని రైతు కూడా రంగు చూసి తన పొలంలో ఎక్కడ దున్నాలో, ఎక్కడ మేపాలో తెలుసుకోవచ్చు. ఈ ఎనిమిది తరగతుల పద్ధతినే మన దేశంలో కూడా వాడుతున్నారు.

అయితే ఒక జాగ్రత్త ఉంది. జిల్లా పటం, రాష్ట్ర పటం పెద్ద నిర్ణయాలకు పనికొస్తాయి. చెరువు ఎక్కడ, అడవి ఎక్కడ, ఏ మండలంలో ఏ పంటకు ప్రోత్సాహం అన్నవి వాటితో తేల్చవచ్చు. మన రాష్ట్రాల నేలల పటాలు 1:2,50,000 కొలతలో ఉన్నాయి. అంటే పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద రెండున్నర కిలోమీటర్లు. ఆ లెక్కన మన రెండెకరాల చెక్క పటం మీద అర మిల్లీమీటరు కూడా ఉండదు. పటంలో ఎర్రనేల అని ఉన్నచోట రేగడి మడి ఉండవచ్చు, రాతి గుట్టా ఉండవచ్చు. అందుకే బెన్నెట్ శాఖ ఒక్కో పొలానికి విమానం నుంచి తీసిన ఫోటో పట్టుకుని నడిచి, మట్టి తోడి, విడిగా పటం గీసేది. రైతుతో కూర్చుని పొలం ప్రణాళిక రాసేది.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఆ పథకాల మేలు భూమి ఉన్నవారికి అందినంతగా కౌలుదారులకు, ముఖ్యంగా నల్లజాతి కౌలుదారులకు అందలేదు. పటం మంచిదైనా అది ఎవరి చేతికి వస్తుందన్నది ముఖ్యం.

బెన్నెట్ 1960 జూలై 7న కన్నుమూశారు. ఆయన పుట్టిన ఆన్సన్ కౌంటీలోనే 1937లో అమెరికాలో మొదటి నేల సంరక్షణ మండలి ఏర్పడింది.

మన దేశంలో నాగపూర్‌లో జాతీయ నేల సర్వే, భూ వినియోగ ప్రణాళిక సంస్థ 1976 నుంచి పనిచేస్తోంది. అక్కడి పటాలు మన ఇళ్ళకు వాటంతట అవి నడిచి రావు. చదువుకున్న మనమే తీసుకెళ్ళాలి. తమ్ముళ్ళూ, ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నతో కలిసి చేనులో మూడు చోట్ల మోకాలి లోతు గుంత తవ్వండి. మట్టి ఎంత లోతు ఉందో, రాయి ఎక్కడ తగిలిందో నోటుబుక్కులో రాయండి. వ్యవసాయ అధికారి దగ్గరికి ఆ నోటుబుక్కుతో వెళ్ళి, మా నేల ఏ తరగతి అని అడగండి. విత్తనానికి అప్పు చేసే ముందే అడగండి. మా ఇంట్లో అలా అడిగి ఉంటే ఆ ఏడాది అప్పు మిగిలేది కాదు.