కౌలుదారుకు అండ: బూర్గుల రామకృష్ణారావు

భూమి ఒకరిది, దున్నేవాడు మరొకడు. పూర్వపు హైదరాబాదు రాజ్యంలో తెలంగాణ పల్లెల స్థితి ఇది. మంజీర నదిపై 1923లో ప్రారంభమైన నిజాంసాగర్ నిర్మాణం 1931లో పూర్తయింది. పిట్లానికి దాపునే ఉన్న ఆ జలాశయం బాన్సువాడ, బోధన్ ప్రాంతాల పొలాలకు నీరందించింది. బీడు భూములు మాగాణులయ్యాయి. కాని నీటితోపాటు కౌలుదారుకు హక్కు రాలేదు. యజమాని పొమ్మంటే, ఏళ్ల తరబడి దున్నిన చేనును విడిచి అతడు వెళ్లిపోవలసిందే. రాజ్యంలోని భూమిలో దాదాపు మూడో వంతు జాగీర్దార్ల చేతిలో ఉండేది. తక్కిన గ్రామాల్లోనూ దేశ్‌ముఖులు, దేశ్‌పాండేలు, పటేల్ పట్వారీల మాటే చెల్లుబాటయ్యేది. ఇటువంటి రాజ్యంలో కౌలుదారు పేరును సర్కారు దస్తరంలోకి ఎక్కించే కార్యానికి సారథ్యం వహించిన రాజనీతిజ్ఞుడు బూర్గుల రామకృష్ణారావు.

ఆయన 1899 మార్చి 13న మహబూబ్‌నగర్ జిల్లా కల్వకుర్తి తాలూకాలోని పడకల్ గ్రామంలో జన్మించారు. తల్లి రంగనాయకమ్మ, తండ్రి నరసింగరావు. వారి అసలు ఇంటిపేరు పుల్లంరాజు. అయినా స్వగ్రామమైన బూర్గుల పేరే ఇంటిపేరుగా స్థిరపడింది. పుణెలోని ఫెర్గూసన్ కళాశాలలో పట్టభద్రులై, బొంబాయి విశ్వవిద్యాలయం నుండి న్యాయశాస్త్ర పట్టా పొంది, హైదరాబాదులో న్యాయవాద వృత్తి చేపట్టారు. అనంతర కాలంలో భారత ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు ఆయన వద్ద జూనియర్‌గా పనిచేశారు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, పారశీకం, మరాఠీ భాషల్లో ఆయన పండితులు. ఆయన సాహిత్య వ్యాసాలు సారస్వత వ్యాసముక్తావళి అనే పేరుతో వెలువడ్డాయి.

1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన ఒక సభలో తెలుగులో ప్రసంగించబోయిన వక్తను కొందరు గేలిచేశారు. ఆ అవమానం నుండి ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ ఉద్యమమే క్రమంగా ఆంధ్ర మహాసభగా రూపొందింది. మొదటి మహాసభ 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది. 1931లో దేవరకొండలో జరిగిన రెండవ మహాసభకు బూర్గుల అధ్యక్షత వహించారు. ఆరవ మహాసభకు 1937లో నిజామాబాదు వేదికయింది. భాష కోసం మొదలైన ఈ సభలు కాలక్రమాన వెట్టిచాకిరి, పన్నుల భారం, కౌలుదారుల కష్టాలను చర్చించే వేదికలయ్యాయి. బూర్గుల హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ నాయకులలో ఒకరై, స్వాతంత్ర్యోద్యమంలో కారాగారవాసం కూడా అనుభవించారు.

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో చేరింది. 1949 ఆగస్టులో జాగీర్దారీ వ్యవస్థ రద్దయింది. అప్పటికే నల్లగొండ, వరంగల్లు జిల్లాల్లో రైతులు భూమి కోసం సాయుధ పోరాటం సాగిస్తున్నారు. అది 1951 అక్టోబరు వరకు కొనసాగింది. అదే సంవత్సరం ఏప్రిల్ 18న పోచంపల్లిలో ఆచార్య వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలను దానం చేయగా భూదానోద్యమం ఆరంభమైంది. ఈ విధంగా ఒకే నేలపై భూసమస్యకు పోరాటం ఒక దారి చూపింది, దానం మరొక దారి చూపింది. బూర్గుల ఎంచుకున్నది మూడవదైన చట్టం దారి.

1950లో హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది. ఆ ఏడాదే ఎం.కె. వెల్లోడి మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా చేరిన బూర్గులపై దానిని అమలు జరిపే భారం పడింది. నిర్ణీత కాలంపాటు ఎడతెగకుండా భూమిని సాగుచేసిన వానిని ఈ చట్టం రక్షిత కౌలుదారుగా గుర్తించింది. అతని పేరు రిజిస్టరులో నమోదు కావాలి. చట్టం చెప్పిన కారణం లేకుండా అతనిని తొలగించరాదు. కౌలు మొత్తానికి హద్దు ఉంటుంది. ఆ భూమిని కొనుక్కొనే హక్కు కూడా అతనికి లభించింది.

అయితే చట్టం హైదరాబాదులో తయారైనా, అమలు కావలసింది పల్లెలో. పల్లెలో లెక్కలు రాసేవాడు పట్వారీ. అతడు తరచు భూస్వామి మనిషే. చదువురాని కౌలుదారు తన ఇష్టంతోనే భూమిని వదులుకున్నట్లు కాగితంపై వేలిముద్ర వేసిన సందర్భాలెన్నో ఉన్నాయి. ఆర్థికశాస్త్రవేత్త ఎ.ఎం. ఖుస్రో జరిపిన పరిశీలన 1958లో ప్రచురితమైంది. 1951 నాటి రక్షిత కౌలుదారుల్లో నాలుగేళ్ల తర్వాత నూటికి సుమారు 45 మంది మాత్రమే కౌలుదారులుగా మిగిలారని, 12 మంది భూమిని కొనుక్కొని యజమానులయ్యారని, 22 మంది చట్టవిరుద్ధంగా తొలగింపబడ్డారని, 18 మంది తమంతట తామే భూమిని వదులుకున్నట్లు నమోదయిందని అది తెలిపింది. కాగితంపై దొరికిన హక్కు పొలంలో నిలబడడం ఎంత కష్టమో ఈ అంకెలు చెబుతున్నాయి.

1952 సాధారణ ఎన్నికల్లో షాద్‌నగర్ నుండి గెలిచిన బూర్గుల, ఆ ఏడాది మార్చి 6న హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి పదవి చేపట్టారు. ఆయన పాలన ఒడుదుడుకులు లేనిది కాదు. అదే సంవత్సరం సెప్టెంబరులో ముల్కీ ఉద్యమ సందర్భంగా నగరంలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణనష్టం సంభవించింది. ఆ ఘటన ఆయన ప్రభుత్వంపై పడిన మచ్చగానే మిగిలింది. భూసంస్కరణల విషయంలో మాత్రం ఆయన వెనుకంజ వేయలేదు. 1954లో కౌలుదారీ చట్టాన్ని సవరించి, ఒక కుటుంబం జీవించడానికి తగిన కమతాన్ని ప్రమాణంగా తీసుకొని, దానికి నాలుగున్నర రెట్లను భూపరిమితిగా నిర్ణయించారు. ప్రభుత్వ ప్రకటన ద్వారా రక్షిత కౌలుదారుకు యాజమాన్యాన్ని బదిలీ చేసే 38-ఇ సెక్షను కూడా ఆ సవరణతోనే వచ్చింది. ఏ సర్వే నంబరులో ఎవరు పట్టాదారు, ఎవరు సాగుదారు అనే వివరాలతో 1954-55లో ఖాస్రా పహాణీ తయారైంది. తెలంగాణలో భూతగాదా వస్తే నేటికీ మొదట తిరగేసే పాత దస్తరాలలో అదొకటి.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించడంతో హైదరాబాదు రాష్ట్రం అంతరించింది. బూర్గుల కేరళకు, ఆ తర్వాత ఉత్తరప్రదేశ్‌కు గవర్నరుగా పనిచేశారు. 1962 నుండి 1966 వరకు రాజ్యసభ సభ్యులుగా ఉన్నారు. 1967 సెప్టెంబరులో కన్నుమూశారు. ఆయన కాలంలో చట్టంలో చేరిన 38-ఇ సెక్షను తెలంగాణలో చాలా ప్రాంతాలకు 1973 జనవరి 1 నుండి గాని వర్తించలేదు. అప్పటికి ఆయన మరణించి ఐదేళ్లు దాటింది. ఈలోగా ఎందరో కౌలుదారులు తాము దున్నిన భూమికి దూరమయ్యారు.

బూర్గుల జీవితం మనకు రెండు విషయాలు తెలుపుతుంది. బలహీనునికి హక్కు కల్పించడానికి చట్టం అవసరం. ఆ చట్టం పట్వారీ దస్తరం దాటి పొలం గట్టు దాకా చేరడం అంతకన్నా అవసరం. మొదటి పనిని ఆయన తరం నిర్వర్తించింది. దున్నేవాని పేరు పహాణీలో సరిగా ఉందో లేదో చూడవలసిన రెండవ పని ప్రతి తరానికీ మిగిలే ఉంటుంది.