జేమ్స్ లాండిస్: వాటాల విక్రయంలో సత్యానికి పూచీ అడిగిన న్యాయవేత్త

ఒక కంపెనీ ప్రజల నుండి మూలధనం కోరుతూ వాటాలను అమ్మజూపినప్పుడు వాటితోపాటు ఒక ప్రకటనను వెలువరిస్తుంది. దానినే ప్రాస్పెక్టస్ అనీ, తెలుగు పాఠ్యగ్రంథాలలో పరిచయ పత్రమనీ వ్యవహరిస్తారు. మన వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఈ పత్రంలో ఉండవలసిన అంశాలను కంఠస్థం చేస్తారు, పరీక్షలో వ్రాస్తారు, ఆపైన మరచిపోతారు. అందులోని ఒక మాట అబద్ధమైతే, దానిని నమ్మి సొమ్ము పోగొట్టుకొన్నవానికి ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్న వెనుక ఎంత చరిత్ర ఉన్నదో ఆ పాఠంలో కానరాదు. భాషాబోధన వృత్తిగా గల మాకు న్యాయశాస్త్రంలో అధికారం లేదు. అయితే చెప్పిన మాటకూ, చెప్పక దాచిన మాటకూ గల భేదం భాషకు సంబంధించినది కూడా కదా! ఆ ధైర్యంతోనే, ఈ ప్రశ్నకు అమెరికా దేశంలో చట్టరూపమైన సమాధానం వ్రాసిన జేమ్స్ లాండిస్ జీవితాన్ని ఇక్కడ వివరించ పూనుకొన్నాము.

లాండిస్ 1899 సెప్టెంబరు 25న జపాను రాజధాని టోక్యోలో జన్మించారు. తల్లిదండ్రులు క్రైస్తవ ధర్మప్రచారం నిమిత్తం ఆ దేశానికి వెళ్ళిన అమెరికన్లు. తండ్రి అక్కడ అధ్యాపకులు. ఆ విధంగా పరాయి భాష, పరాయి ఆచారాల నడుమ ఆయన బాల్యం గడచింది. చదువుకోసం అమెరికా చేరి 1921లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం నుండి పట్టభద్రులై, 1924లో హార్వర్డ్ న్యాయ కళాశాల విద్యను ముగించారు. అక్కడ ఆయనకు గురువు ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్. గురువు సిఫారసుతో సుప్రీం కోర్టు న్యాయమూర్తి లూయీ బ్రాండైస్ వద్ద ఒక సంవత్సరం సహాయకుడుగా పని చేశారు. బ్యాంకర్లు ఇతరుల సొమ్ముతో సాగించే వ్యాపారాన్ని విమర్శిస్తూ 1914లోనే గ్రంథం వెలువరించిన మహనీయుడాయన. పిదప లాండిస్ హార్వర్డ్‌లోనే అధ్యాపకులుగా చేరి, ఇరవై తొమ్మిదేళ్ళు నిండకముందే ప్రొఫెసర్ పదవిని అందుకొన్నారు. తోటివారు కోర్టు తీర్పులను బోధిస్తూ ఉండగా, ఈయన చట్టసభలు శాసనాలను ఎట్లా నిర్మిస్తాయి, నిర్మించిన శాసనం ఎట్లా పని చేస్తుంది అన్న విషయాన్ని తన రంగంగా ఎన్నుకొన్నారు. ఆ ఎన్నికే తరువాత ఆయన జీవిత గమనాన్ని నిర్ణయించింది.

తీర్పుకూ శాసనానికీ నడుమ గల తేడా తెలియాలంటే ఇంగ్లండులోని ప్లిమత్ పట్టణపు ట్రాము కంపెనీ వృత్తాంతం చెప్పుకొనక తప్పదు. 1882లో పార్లమెంటు ఒక ప్రత్యేక చట్టం ద్వారా ఆ కంపెనీకి అనుమతి ఇచ్చింది. గుర్రాలతో ట్రాములు నడుపుకోవచ్చు. ఆవిరి యంత్రాలు వాడాలంటే మాత్రం బోర్డ్ ఆఫ్ ట్రేడ్ అనే ప్రభుత్వ శాఖ సమ్మతించాలి. 1883లో డైరెక్టర్లు వెలువరించిన పరిచయ పత్రంలో ఈ షరతు ప్రస్తావన లేదు. ఆవిరి యంత్రాలు వాడే హక్కు తమకు ఉన్నదని మాత్రం ఉన్నది. సర్ హెన్రీ పీక్ అనే పెద్దమనిషి దానిని చూచి వాటాలు కొన్నారు. తరువాత ఆ శాఖ కొంత దారికి తప్ప సమ్మతి నిరాకరించింది, కంపెనీ మూతపడింది. పీక్ గారు డైరెక్టర్లపై వ్యాజ్యం వేశారు. 1889లో ప్రభువుల సభ డైరెక్టర్ల పక్షాన తీర్పు చెప్పింది. అబద్ధమని తెలిసి చెప్పినా, నమ్మకం లేకుండా చెప్పినా, నిజమో కాదో లెక్కచేయక చెప్పినా అది మోసం. నిజమేనని మనసారా నమ్మి చెప్పినవారు, ఆ నమ్మకానికి తగిన ఆధారం లేకపోయినా సరే, మోసగాళ్ళు కారు. సమ్మతి తప్పక లభిస్తుందని ఈ డైరెక్టర్లు నిజంగానే నమ్మారట!

తర్కం దృష్ట్యా ఈ తీర్పులో మాకు దోషం కనిపించదు. అజాగ్రత్తా మోసమూ ఒకటి కావు. కాని ఇతరుని మనసులో ఏమున్నదో సొమ్ము పోయినవాడు కోర్టులో ఎట్లా రుజువు చేయగలడు? మరుసటి ఏడాదే, 1890లో, బ్రిటిష్ పార్లమెంటు డైరెక్టర్ల బాధ్యతపై కొత్త చట్టం చేసింది. పరిచయ పత్రంలోని మాట అబద్ధమని తేలితే, దానిని నమ్మడానికి తమకు సమంజసమైన ఆధారం ఉండెనని డైరెక్టర్లే చూపుకోవాలి. లేనియెడల నష్టపరిహారం చెల్లించాలి. రుజువు భారం ఒకరి భుజం మీది నుండి మరొకరి భుజం మీదికి మారింది, అంతే. కాని వ్యాజ్యంలో గెలుపోటములు తరచు ఆ భారాన్ని బట్టే ఉంటాయి.

అట్లాంటిక్ మహాసముద్రానికి ఆవలి తీరాన మాత్రం అటువంటి జాతీయ శాసనం లేదు. 1911లో కాన్సస్ రాష్ట్రంతో మొదలుకొని ఒక్కొక్క రాష్ట్రం తన చట్టం తాను చేసుకొన్నది గాని, రాష్ట్రం దాటి జరిగే విక్రయాలను అవి అరికట్టలేకపోయాయి. మొదటి ప్రపంచ యుద్ధానంతరం దాదాపు పదేళ్ళలో అమెరికాలో సుమారు 5,000 కోట్ల డాలర్ల విలువగల కొత్త వాటాలు, రుణపత్రాలు అమ్ముడుపోగా, వాటిలో సగం చిత్తు కాగితాలైనాయని 1933లో ప్రతినిధుల సభా సంఘం తన నివేదికలో పేర్కొన్నది. ఒక్క ఉదాహరణ చాలు. న్యూయార్కులోని నేషనల్ సిటీ బ్యాంకు అనుబంధ సంస్థ 1927, 1928 సంవత్సరాలలో పెరూ దేశపు రుణపత్రాలను 9 కోట్ల డాలర్ల మేరకు ప్రజలకు అంటగట్టింది. ఆ దేశం అప్పు తీర్చగల స్థితిలో లేదని తెలిపే నివేదికలు ఆ సంస్థ కాగితాలలోనే ఉన్నాయి. కొనుగోలుదారులకు అవి తెలియలేదు. 1931లో పెరూ చెల్లింపులు నిలిపివేసింది. 1933 ఫిబ్రవరిలో సెనేటు విచారణలో న్యాయవాది ఫెర్డినాండ్ పెకోరా ఈ సంగతి బయటపెట్టేవరకు, తాము మోసపోయామని సైతం ఎరుగని మదుపుదారులెందరో!

ఆ మార్చి నెలలో రూజ్వెల్ట్ అధ్యక్ష పదవిని స్వీకరించారు. పూర్తి నిజం చెప్పే భారాన్ని అమ్మేవారిపై మోపాలని కాంగ్రెసును కోరారు. తొలుత తయారైన ముసాయిదా ప్రతినిధుల సభా సంఘాధ్యక్షుడు శామ్ రేబర్న్‌కు తృప్తి కలిగించలేదు. కబురు ఫ్రాంక్‌ఫర్టర్‌కు అందింది. ఆయన తన శిష్యుడు లాండిస్‌నూ, బెంజమిన్ కోహెన్ అనే న్యాయవాదినీ వాషింగ్టన్‌కు రప్పించారు. ఏప్రిల్ మొదటి వారాంతంలో రెండు మూడు రోజుల పనికని బయలుదేరిన లాండిస్‌కు రెండు నెలలు అక్కడే గడిచిపోయాయి. అప్పటికి ఆయన వయస్సు ముప్పది మూడు. థామస్ కోర్కొరన్ కూడా వారితో కలిశారు. ఒక హోటల్ గదిలో కూర్చుండి, బ్రిటిష్ కంపెనీల చట్టాన్ని ముందుంచుకొని, ఆ శని ఆదివారాలలోనే కొత్త ముసాయిదాను ముగించారు. ఆ బ్రిటిష్ చట్టంలోకి 1890 నాటి డైరెక్టర్ల బాధ్యత అప్పటికే చేరి ఉన్నది. ప్లిమత్ ట్రాము బండి ఈ విధంగా వాషింగ్టన్ చేరిందన్నమాట!

1933 మే 27న రూజ్వెల్ట్ సంతకంతో అది చట్టమైనది. కంపెనీ తన స్థితిగతులను వివరించే నమోదు పత్రాన్ని ప్రభుత్వ సంస్థకు సమర్పించాలి. అమ్మకానికి ముందు కనీసం ఇరవై రోజుల వ్యవధి ఉండాలి. ఆ పత్రంలో ముఖ్య విషయం తప్పుగా ఉన్నా, చెప్పవలసినది చెప్పక మానినా, కొన్నవాడు నష్టానికి దావా వేయవచ్చు. విక్రయ కంపెనీకి తప్పించుకొనే దారి దాదాపు లేదు. సంతకం చేసిన అధికారులు, డైరెక్టర్లు, తమ ధ్రువీకరణ చేర్చిన అకౌంటెంట్లు, ఇంజనీర్లు, విక్రయ బాధ్యత వహించిన బ్యాంకర్లు అందరూ బాధ్యులే. తాము తగిన విచారణ జరిపి, సహేతుకంగా నమ్మామని రుజువు చేసుకొంటేనే వారికి విముక్తి. గమనించండి, ఈ చట్టం నాసిరకం వాటాలను అమ్మరాదని ఆజ్ఞాపించలేదు. నాసిరకమని చెప్పి అమ్ముకోవచ్చు!

ఇది చదివినప్పుడు మాకు బజారులో ధాన్యపు రాశి వృత్తాంతం గుర్తుకు వచ్చింది. ముహమ్మద్ ప్రవక్త (స) ఒక రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పుకొన్నాడు. అయితే ఆ తడిసిన గింజలను జనులకు కనబడేటట్లు పైనే ఎందుకు ఉంచలేదన్నది ప్రవక్తవారి ప్రశ్న. తడిసిన ధాన్యం అమ్మకాన్ని వారు నిషేధించలేదు. లాండిస్‌కు ఈ హదీసు తెలిసి ఉంటుందని మేము అనము. ఆలోచన ఒక్కటేనని మాత్రం అనగలము.

వాల్ స్ట్రీట్ న్యాయవాదులు మిన్నకుండలేదు. అనంతరకాలంలో విదేశాంగ మంత్రిగా మన దేశంలోనూ పేరు వినబడిన జాన్ ఫోస్టర్ డల్లెస్ స్వయంగా వచ్చి ఆక్షేపణలు వినిపించారు. ఇంతటి బాధ్యత మోపితే ఏ గౌరవనీయుడూ డైరెక్టరుగా ఉండడనీ, మూలధనం కరువవుతుందనీ వారి వాదన. 1934లో కొన్ని సవరణలు జరిగి, దావా వేయవలసిన గడువు తగ్గింది. విచారణ ప్రమాణమూ కొంత సడలింది. మూలసూత్రం మాత్రం నిలిచింది. ఆ ఏడే సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ ఏర్పడగా లాండిస్ అందులో సభ్యులై, 1935 నుండి 1937 వరకు దానికి అధ్యక్షత వహించారు. మూలధనం కరువైన జాడ మాకు చరిత్రలో కనబడలేదు.

ఆ బాధ్యత ఎంత పదునైనదో తెలియడానికి చాలాకాలం పట్టింది. బౌలింగ్ ఆటశాలలు నిర్మించే బార్‌క్రిస్ అనే కంపెనీ 1961లో రుణపత్రాలు అమ్మి, 1962లో దివాలా తీసింది. 1968లో న్యూయార్కులోని ఫెడరల్ న్యాయస్థానం డైరెక్టర్లను, ఆడిటర్లను, విక్రయ బ్యాంకర్లను బాధ్యులుగా నిర్ణయించింది. వారిలో ఒకరు స్వయంగా బ్యాంకు అధిపతి. అమ్మకానికి సుమారు నెల రోజుల ముందే డైరెక్టరైనారు. పత్రం చదువకుండానే సంతకం చేశారు. కొత్తవాడినన్న వాదన చెల్లలేదు. మన ఊళ్ళలో ఫైనాన్సు కంపెనీల బోర్డుల మీద అలంకారంగా పేరునిచ్చే పెద్దమనుషులు ఈ తీర్పును ఒకసారి చదువుకొనవలసి ఉన్నది. ఏటా జమాఖర్చుల మీద సంతకాలు చేసే మా కమిటీ పెద్దలు మన్నింతురు గాక, కళాశాలలకు ఈ చట్టం వర్తించదు!

మన దేశానికి ఈ సూత్రం లండను నుండి నేరుగానే వచ్చింది. 1913 కంపెనీల చట్టంలో 100వ సెక్షన్, 1956 చట్టంలో 62వ సెక్షన్, ఇప్పుడు అమలులో ఉన్న 2013 చట్టంలో 35వ సెక్షన్ 1890 నాటి ఆ శాసనపు సంతతివే. అయితే హక్కు వేరు, దానిని పొందే మార్గం వేరు. 2009 జనవరిలో హైదరాబాదులోని సత్యం కంపెనీ లెక్కలు కల్పితమని బయటపడింది. అక్కడ అబద్ధం పరిచయ పత్రంలోనిది కాదు, ఏటేటా ప్రకటించిన లెక్కలలోనిది. న్యూయార్కు మార్కెట్టులో ఆ కంపెనీ పత్రాలు కొన్నవారు ఆ దేశపు సెక్యూరిటీల చట్టాల కింద సామూహికంగా దావా వేయగా, 2011లో కంపెనీ 12 కోట్ల 50 లక్షల డాలర్లకు రాజీపడింది. అదే కంపెనీ వాటాలను ఇక్కడ కొన్నవారికి అటువంటి సామూహిక దావా మార్గం నాడు లేదు. 2013 చట్టం దానిని 245వ సెక్షన్ ద్వారా ప్రవేశపెట్టింది.

ఇక లాండిస్ జీవితంలోని ఉత్తరార్ధం. 1937లో ఆయన హార్వర్డ్ న్యాయ కళాశాలకు డీన్‌గా తిరిగి వచ్చారు. 1939లో హ్యారీ బ్రిడ్జెస్ అనే కార్మిక నాయకుని దేశబహిష్కరణ విచారణకు అధికారిగా నియమింపబడి, అతడు కమ్యూనిస్టు అనడానికి సాక్ష్యం చాలదని నిర్ణయించి, పలువురి ఆగ్రహానికి గురి అయ్యారు. యుద్ధకాలంలో కైరోలో అమెరికా ఆర్థిక వ్యవహారాలు చూశారు. 1946లో పౌర విమానయాన బోర్డు అధ్యక్షులైనారు గాని మరుసటి సంవత్సరం ట్రూమన్ ఆయనను కొనసాగించలేదు. అదే కాలంలో మొదటి వివాహం విచ్ఛిన్నమైనది. కమిషన్‌లో తనకు ముందు అధ్యక్షుడైన జోసెఫ్ కెన్నెడీ కొలువులో చేరారు. 1960లో జాన్ కెన్నెడీ అధ్యక్షుడుగా ఎన్నిక కాగానే, ప్రభుత్వ నియంత్రణ సంస్థల పనితీరుపై లాండిస్ సమర్పించిన నివేదిక ప్రసిద్ధమైంది. శ్వేతసౌధంలో స్థానమూ లభించింది.

అప్పుడే బయటపడింది. 1956 నుండి 1960 వరకు ఐదేళ్ళపాటు ఆయన తన ఆదాయపు పన్ను పత్రాలను దాఖలు చేయలేదు! లక్షల మంది చేత నిజం వ్రాయించి, సంతకం చేయించి, గడువులోగా దాఖలు చేయించిన మనిషి తన పత్రాలను పంపలేదు. పన్ను ఎగవేసే మోసమని ప్రభుత్వం ఆరోపించలేదు. దాఖలు చేయకపోవడమనే చిన్న నేరమే మోపింది. బాకీని జరిమానాతో సహా ఆయన అప్పటికే చెల్లించారు. అయినా 1963లో నేరం అంగీకరించారు. ముప్పై రోజుల శిక్ష పడింది. అందులో చాలా భాగం ఆసుపత్రిలో గడిచింది. 1964 జులైలో న్యాయవాద వృత్తి నుండి ఒక సంవత్సరంపాటు ఆయనను తొలగిస్తూ ఉత్తర్వు వెలువడింది. ఆ నెల 30వ తేదీన న్యూయార్కు సమీపాన హారిసన్‌లో, తన ఇంటి ఈత కొలనులో మునిగి మరణించారు.