పట్టాలు వేసిన దొర కాలువనే నమ్మారు

కోనసీమకు రైలు ఎప్పుడొస్తుందన్న మాట ఊళ్ళో లేచినప్పుడల్లా కాటన్ దొరను కూడా తలచుకోవలసి ఉంటుంది. ఆయన ఆనకట్ట కట్టారని, కాలువలు తవ్వించారని మన పిల్లలకు సైతం తెలుసు. ఈ దేశంలో తొలిసారిగా రైలు పట్టాలు పరిపించినవారు కూడా ఆయనేనన్న సంగతి ఎక్కువమందికి తెలియదు.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. పదిహేనో ఏట ఈస్టిండియా కంపెనీవారి సైనిక పాఠశాలలో చేరి, 1821లో మద్రాసు వచ్చేనాటికి పద్ధెనిమిదేళ్ళ కుర్రవాడు. తంజావూరు సీమలో కావేరి నీటి పనులు చూశారు. 1836లో కొల్లిడం నదికి ఆనకట్టలు కట్టించారు. ఆ మరుసటి ఏడు, మద్రాసు దగ్గర రెడ్ హిల్స్ నుంచి రోడ్లకు కావలసిన రాయి తోలడానికి పట్టాలు వేయించారు. బొంబాయి నుంచి ఠాణాకు జనాన్ని ఎక్కించుకొని మొదటి రైలు బయలుదేరింది 1853లో. అంటే దానికి పదహారేళ్ళ ముందు మాట ఇది.

గోదావరి తీరానికి ఆయన వచ్చేటప్పటికి ఈ సీమ స్థితి దయనీయంగా ఉండేది. ఒక ఏడు కరువు, ఒక ఏడు వరద. 1821లో రాజమండ్రి జిల్లా జనాభా 7 లక్షల 38 వేలు. 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగిపోయింది. నిండా నీళ్ళున్న నది ఒడ్డున మనుషులు తిండికి మాడడం కాటన్‌ను కలచివేసింది. ధవళేశ్వరం వద్ద ఆనకట్ట కడితే డెల్టా అంతా మాగాణి అవుతుందని కంపెనీవారికి నివేదిక పంపారు. 1847లో పని మొదలైంది.

పనికి ఆరుగురు ఇంజనీరు ఆఫీసర్లను, ఎనిమిది మంది చిన్న ఉద్యోగులను ఇవ్వమని ఆయన కోరారు. పైవారు పంపింది పని నేర్పుకోవలసిన ఒక కుర్ర ఆఫీసరును, ఇద్దరు అప్రెంటీసులను, కొద్దిమంది సర్వేయర్లను. ఆనకట్ట చూస్తే నాలుగు పాయలకు అడ్డంగా సుమారు 12 వేల అడుగుల పొడవు! కాటన్ ఉన్నవారితోనే పనికి దిగారు. ధవళేశ్వరం కొండ రాయిని ఏటి ఒడ్డుకు చేర్చడానికి ఇక్కడ కూడా పట్టాలు వేసి బండ్లు నడిపించారు. ఆ విధంగా గోదావరి జిల్లాలో పట్టాలు మొదట మోసింది ఆనకట్ట రాళ్ళనే.

ఆ పనిలో కూలీలను కూడగట్టి, దొరకు కుడిభుజమై నిలిచినవారు వీణెం వీరన్న. ఆయన శ్రమను కాటన్ తన పేరున వేసుకోలేదు. వీరన్న లేకపోతే పని సాగేది కాదని పైవారికి చెప్పారు. వీరన్నకు రాయ్ బహద్దూర్ బిరుదు, మెల్లూరు గ్రామ శిస్తు ఈనాముగా లభించాయి. కింది ఉద్యోగి కష్టం పైకి చెప్పే అధికారులు ఏ కాలంలోనైనా అరుదే.

1852లో ఆనకట్ట ముగిసింది. రాజోలు వైపు లంకలకు మాత్రం వైనతేయ పాయ అడ్డు. హేగ్ అనే మరో యువ ఇంజనీరు గన్నవరం వద్ద 49 కమానులతో అక్విడక్టు కట్టి, నది మీదుగా కాలువను దాటించాడు. కింద ఏరు, పైన కాలువ! మామిడికుదురు, రాజోలు ప్రాంతాల చేలు పచ్చబడింది ఆ నీటితోనే. 2000లో దాని పక్కన వచ్చిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు.

ఇంతలో దేశమంతటా రైళ్ళ హడావుడి మొదలైంది. పట్టాల మీద పోసే సొమ్ములో కొంత కాలువలకు పెడితే పంటకు పంట, పడవలపై చవక రవాణా రెండూ దక్కుతాయని కాటన్ వాదించారు. 1861లో సర్ బిరుదు ఇచ్చిన ప్రభుత్వమే ఆ మాట చెవిన పెట్టలేదు. 1878లో, డెబ్బై అయిదేళ్ళ వయసులో, పార్లమెంటు కమిటీ ముందు నిలబడి గుచ్చి గుచ్చి అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పుకోవలసి వచ్చింది. నీటి విషయంలో దొర లెక్క తప్పలేదనడానికి మన చేలే సాక్ష్యం. పడవల విషయంలో అలా అనలేం. ఒకప్పుడు ధాన్యం, కొబ్బరికాయలు మోసిన పడవలు కాలువల మీద కనుమరుగై, ఆ బరువు లారీల కెక్కింది.

కాటన్ 1899 జులై 24న ఇంగ్లండులోని డార్కింగ్‌లో కన్నుమూశారు. రాజమండ్రి వద్ద గోదావరిపై మొదటి రైలు వంతెన అప్పటికి కడుతూ ఉన్నారు. 1900లో దానిమీద రైళ్ళు నడిచాయి.

కోనసీమ మాత్రం ఏటికి ఇవతలే ఉండిపోయింది. 1928లో కాకినాడ నుంచి కోటిపల్లి దాకా రైలు వచ్చింది గాని, రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆ పట్టాలు ఊడదీసి పట్టుకుపోయారు. లోక్‌సభ స్పీకరుగా ఉన్న మన బాలయోగి గారి పట్టుదలతో కోటిపల్లి–నరసాపురం లైను మంజూరైంది. 2002 మార్చి 3న హెలికాప్టరు ప్రమాదంలో ఆయన పోయారు. 2004లో కాకినాడ–కోటిపల్లి రైలు తిరిగి నడిచింది. కోటిపల్లి దాటి గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయల మీద వంతెనలు కట్టి అమలాపురం మీదుగా నరసాపురం చేరవలసిన పని ఏళ్ళ తరబడి సాగుతూ వస్తున్నది.