రోజుకు పన్నెండు పాఠాలు - ఇమామ్ నవవీ (రహ్మలై) జీవితం

ఖుర్ఆన్‌ను తజ్వీద్‌తో చదవడం నేర్చుకోవాలని, కొన్ని హదీసులైనా కంఠస్థం చేయాలని, పిల్లలకు ధర్మం నేర్పేపాటి జ్ఞానం సంపాదించాలని మనలో చాలామందికి ఉంటుంది. రంజాన్ నెలలో ఉత్సాహంగా మొదలుపెడతాం. షవ్వాల్ నెల సగం కాకముందే పుస్తకం తిరిగి అల్మారాలోకి చేరుతుంది. ఎందుకు ఆపేశారని అడిగితే అందరిదీ ఒకటే సమాధానం - తీరిక లేదు.

తీరిక గురించి ఆలోచించినప్పుడల్లా ఇమామ్ నవవీ (రహ్మలై) జీవితం గుర్తుకు రావాలి. ‘రియాజుస్సాలిహీన్’ పేరు వినని ముస్లిం కుటుంబం అరుదు. ఎన్నో మస్జిదుల్లో నమాజు తర్వాత ఆ గ్రంథం చదివి వినిపిస్తారు. దాన్ని సంకలనం చేసిన ఆ మహనీయుడు హిజ్రీ లెక్కన బతికింది కేవలం 45 సంవత్సరాలు. అంత తక్కువ కాలంలో అంత పని ఎలా సాధ్యమైంది? అల్లాహ్ ప్రసాదించిన శుభం ఒక కారణమైతే, ఆ శుభానికి ఆయన తన ప్రతి రోజులోనూ చోటు కల్పించడం మరో కారణం.

నవా గ్రామంలో బాల్యం

ఆయన పూర్తి పేరు యహ్యా బిన్ షరఫ్. హిజ్రీ 631 ముహర్రం నెలలో, అంటే క్రీ.శ. 1233లో, డమాస్కస్ నగరానికి దక్షిణాన హౌరాన్ ప్రాంతంలోని నవా గ్రామంలో జన్మించారు. ఆ ఊరి పేరు మీదుగానే ఆయనకు నవవీ అనే పేరు వచ్చింది. నేడు ఆ ఊరు సిరియా దేశంలో ఉంది.

తండ్రి షరఫ్ చిన్న దుకాణం నడుపుకునే సామాన్యుడు. పదేళ్ళ యహ్యాను ఆయన దుకాణంలో కూర్చోబెట్టేవారు. పిల్లవాడు సరుకులు అమ్ముతూనే ఖుర్ఆన్ పారాయణం చేస్తూ ఉండేవాడు. బేరసారాలు అతణ్ణి ఆ పని నుంచి మళ్ళించలేకపోయాయి. ఒకసారి తోటి పిల్లలు ఆటలకు రమ్మని బలవంతం చేస్తే, అతను వారి నుంచి తప్పించుకుని ఏడుస్తూ పరుగెత్తాడు. అప్పుడు కూడా ఖుర్ఆన్ చదువుతూనే ఉన్నాడు. షేఖ్ యాసీన్ బిన్ యూసుఫ్ అనే పుణ్యపురుషుడు ఆ దృశ్యం చూసి, ఆ పిల్లవాడికి ఖుర్ఆన్ నేర్పుతున్న గురువు దగ్గరికి వెళ్ళారు. ఈ అబ్బాయి తన కాలంలో గొప్ప పండితుడు అవుతాడని ఆశిస్తున్నాననీ, శ్రద్ధగా చూసుకోమనీ చెప్పారు. ఆ మాట తండ్రికి చేరింది. అప్పటి నుంచి ఆయన కుమారుడి చదువు మీద మరింత మనసు పెట్టారు. యుక్తవయసు వచ్చేనాటికి యహ్యా హాఫిజ్ అయ్యారు.

మదర్సాలో చిన్న గది

హిజ్రీ 649లో (క్రీ.శ. 1251) తండ్రి ఆయన్ని డమాస్కస్ తీసుకువెళ్ళారు. అప్పటికి ఆయన వయసు 19 ఏళ్ళు. మొదట ఒక గొప్ప పండితుడి దగ్గరికి వెళితే, అక్కడ విద్యార్థికి ఉండటానికి చోటు లేకపోయింది. చివరకు రవాహియ్యా మదర్సాలో ఒక చిన్న గది దొరికింది. ఆ గదిలో పుస్తకాలు ఎంతగా నిండిపోయాయంటే, ఎవరైనా చూడటానికి వస్తే కొన్ని పుస్తకాలను మరికొన్నింటి మీద పేర్చి, కూర్చోవడానికి చోటు చేయవలసి వచ్చేది.

చదువు మొదలైన కొత్తలో ఆయన సుమారు నాలుగున్నర నెలల్లో ‘అత్తంబీహ్’ అనే షాఫయీ ధర్మశాస్త్ర గ్రంథాన్ని కంఠస్థం చేశారు. ఆ ఏడాదిలో మిగిలిన నెలల్లో ‘అల్ ముహజ్జబ్’ అనే పెద్ద గ్రంథంలో నాలుగో వంతు కంఠతా పట్టారు. హిజ్రీ 651లో తండ్రితో కలిసి హజ్ చేశారు. నవా నుంచి బయలుదేరిన దగ్గర నుంచి అరఫా రోజు వరకు జ్వరం ఆయన్ని వదల్లేదు. అయినా ఆయన బాధపడుతూ మూలగడం చూడలేదని తండ్రి తర్వాత చెప్పుకున్నారు.

హజ్ నుంచి వచ్చాక ఆయన దినచర్య ఒక కట్టుబాటులోకి వచ్చింది. వేర్వేరు గురువుల దగ్గర రోజుకు పన్నెండు పాఠాలు. ధర్మశాస్త్రం, హదీసు, అరబీ వ్యాకరణం, భాష, ధర్మశాస్త్ర మూలసూత్రాలు, హదీసు ఉల్లేఖకుల వివరాలు, విశ్వాస మూలాలు - ఇలా ప్రతి విద్యకూ రోజులో ఒక వంతు ఉండేది. పాఠం విని ఊరుకోలేదు. ప్రతి పాఠంలోనూ కఠినంగా ఉన్నచోట వివరణ, అస్పష్టంగా ఉన్నచోట స్పష్టత, పదాల సరైన ఉచ్చారణ - ఇవన్నీ రాసుకునేవారు. ఒక గురువు దగ్గర నుంచి మరో గురువు దగ్గరికి నడిచి వెళ్ళే దారిలో కూడా చదివినదాన్ని నెమరువేసుకునేవారు. ఆయన శిష్యుడు ఇబ్నుల్ అత్తార్ ఈ వివరాలన్నీ గ్రంథస్థం చేయడం వల్లనే అవి మన దాకా వచ్చాయి.

రోజులో నుంచి ఏమేమి తీసేశారు?

రోజుకు ఇరవై నాలుగు గంటలే. కొత్త పని చేర్చాలంటే పాతది ఏదో ఒకటి తీసేయాలి. ఇమామ్ గారి జీవితంలో అసలు పాఠం ఇక్కడే ఉంది.

ఆయన రోజుకు ఒక్కపూటే, ఇషా నమాజు తర్వాత భోజనం చేసేవారు. సహరీ వేళ ఒక్కసారి నీళ్ళు తాగేవారు. చదువు మొదలుపెట్టిన కొత్తలో దాదాపు రెండేళ్ళపాటు నడుము వాల్చి పడుకోలేదు. నిద్ర ముంచుకొస్తే పుస్తకాలకు ఆనుకుని కాసేపు కునుకు తీసి లేచేవారు. ఒకసారి ఎవరో కీరదోసకాయ చెక్కు తీసి ఇవ్వబోతే, అది ఒంటిని చల్లబరిచి నిద్ర తెప్పిస్తుందేమోనని తినలేదట.

అంతకంటే గమనించదగ్గ సంఘటన మరొకటి ఉంది. విద్యార్థిగా ఉన్నప్పుడు వైద్యం కూడా నేర్చుకోవాలని ఆయనకు అనిపించింది. ఇబ్ను సీనా రాసిన ‘అల్ ఖానూన్’ కొన్నారు. కొన్ని రోజులకు మనసు మసకబారినట్లయింది. ఏ పాఠం మీదా దృష్టి నిలవలేదు. ఎందుకిలా అయిందని ఆలోచించి, కారణం గ్రహించి, వెంటనే ఆ పుస్తకం అమ్మేశారు. వైద్యానికి సంబంధించినవన్నీ గదిలో నుంచి తీసేశారు. మనసు మళ్ళీ తేటపడింది.

దీన్ని బట్టి వైద్యవిద్య మంచిది కాదని అనుకోకూడదు. సమాజంలో కొందరైనా తప్పక నేర్చుకోవలసిన ఫర్జె కిఫాయా విద్యల్లో ఆయనే తర్వాత తన గ్రంథంలో వైద్యాన్ని చేర్చారు. అది మంచి పనే, కానీ ఆయన పని కాదు. చెడ్డ పనులు మన సమయం తింటాయని మనకు తెలుసు. అయితే మన లక్ష్యానికి చెందని మంచి పనులు కూడా సమయాన్ని తినగలవని గుర్తించడం కష్టం. ఆయన గుర్తించారు, ఆ పుస్తకాన్ని వదులుకున్నారు.

కల్లోల కాలంలో కలం

ఆయనది ప్రశాంతమైన కాలం కాదు. ఆయన విద్యార్థి దశలో ఉండగానే, 1258లో మంగోలు సైన్యాలు బగ్దాద్‌ను నేలమట్టం చేశాయి. 1260లో అవి డమాస్కస్‌ను కూడా ఆక్రమించాయి. అదే సంవత్సరం ఐన్ జాలూత్ యుద్ధంలో మమ్లూకులు వారిని ఓడించారు. పరిస్థితులు చక్కబడ్డాక చూద్దాం అని కూర్చోవడానికి ఆయనకు మనకంటే ఎక్కువ కారణాలే ఉండేవి.

సుమారు హిజ్రీ 660 నుంచి ఆయన గ్రంథరచన మొదలైంది. అంటే రచనకు దొరికింది దాదాపు 16 ఏళ్ళు. ఆ 16 ఏళ్ళలోనే సహీహ్ ముస్లింకు వ్యాఖ్యానం, ‘అల్ అజ్కార్’, ‘మిన్‌హాజ్’, ‘రౌజతుత్ తాలిబీన్’, 42 హదీసులతో ‘అర్బయీన్’ వెలువడ్డాయి. ‘రియాజుస్సాలిహీన్’ హిజ్రీ 670 రంజాన్ నెలలో (క్రీ.శ. 1272) పూర్తయింది. హిజ్రీ 665లో ఆయన డమాస్కస్‌లోని ప్రసిద్ధ దారుల్ హదీస్ అష్రఫియ్యాకు పెద్దగా నియమితులయ్యారు. బోధన బాధ్యత మీద పడినా కలం ఆగలేదు.

తన పుస్తకాలు తప్ప లోకం పట్టని మనిషి కూడా కాదు ఆయన. సుల్తాన్ బైబర్స్ కాలంలో ప్రజల మీద అదనపు భారం పడినప్పుడు, డమాస్కస్ తోటల విషయంలో యజమానులకు అన్యాయం జరుగుతున్నప్పుడు, ఆయన నిర్భయంగా సుల్తానుకు లేఖలు రాశారు. తోటివారి హక్కు కోసం ఇచ్చిన సమయాన్ని ఆయన వృథా అనుకోలేదు.

తండ్రి పంపిన ఆహారం

ఈ కథలో మనం సాధారణంగా గమనించని మనిషి ఒకరున్నారు. ఆయన తండ్రి. డమాస్కస్‌లో ఉన్నన్నాళ్ళూ ఇమామ్ గారి ఆహారంలో ఎక్కువ భాగం నవా నుంచి తండ్రి పంపినదే. నగరంలోని తోటల్లో వఖ్ఫ్ ఆస్తులు ఎక్కువనీ, వాటి వ్యవహారం సందేహాస్పదంగా ఉందనీ ఆయన అక్కడి పండ్లు ముట్టేవారు కాదు. కొడుకు చదువు సాగడానికి తండ్రి తన దుకాణంలో సహాయకుణ్ణి వదులుకున్నారు. తర్వాత అతని కడుపు నింపే బాధ్యత కూడా మోశారు.

ఒకరికి సమయం చిక్కుతోందంటే, చాలాసార్లు ఇంకొకరు ఆ బరువు ఎత్తుకున్నారని అర్థం. మన ఇళ్ళలో ఇది ఆలోచించదగ్గ విషయం. ఇంటి యజమాని మగ్రిబ్ తర్వాత దర్సుకు వెళ్ళగలుగుతున్నారంటే ఆ సమయంలో ఇల్లు, పిల్లలు ఎవరి చేతిలో ఉన్నారు? ఆ ఇల్లాలికి కూడా తజ్వీద్ నేర్చుకోవాలని ఉంటే, రోజూ అరగంట పొయ్యి దగ్గరా పిల్లల దగ్గరా ఆమె స్థానంలో ఎవరుంటారు? సంకల్పం ఒకరిదే అయినా, దానికి వేళ కేటాయించడం ఇంటిల్లిపాది పని.

మనం తీసుకోవలసింది ఎంత?

ఇమామ్ గారి కఠిన జీవితం చూసి ఆయన మిత్రుడొకరు, జబ్బు చేస్తే చేస్తున్న పని కూడా ఆగిపోతుందని మందలించారు. ఆయన తన పద్ధతి మార్చుకోలేదు. అది ఆయనకు అల్లాహ్ ఇచ్చిన ప్రత్యేక శక్తి. భార్యాబిడ్డలు, ఉద్యోగం, వృద్ధ తల్లిదండ్రులు ఉన్నవారు దాన్ని యథాతథంగా అనుకరించబోతే వారం రోజుల్లో చతికిలబడతారు. ఇమామ్ గారు వివాహం చేసుకోలేదన్న సంగతి కూడా మరచిపోకూడదు.

ఆయన మనకోసం చూపిన దారి ‘రియాజుస్సాలిహీన్’లోనే ఉంది. ఆరాధనల్లో మితం పాటించడం గురించి అందులో ఒక అధ్యాయం ఉంది. శరీరానికి, కళ్ళకు, జీవిత భాగస్వామికి మన మీద హక్కులున్నాయని తెలిపే హదీసులను అక్కడ చేర్చారు. ఆ వెంటనే వచ్చే అధ్యాయం, మొదలుపెట్టిన సత్కార్యాన్ని విడవకుండా కొనసాగించడం గురించి. ఈ రెండూ పక్కపక్కనే ఉండటంలో ఎంతో అర్థముంది. మోయగలిగినంతే ఎత్తుకో, ఎత్తుకున్నది దించకు.

కాబట్టి పన్నెండు పాఠాలు మనకు అక్కర్లేదు. ఒక్కటి చాలు. ఫజ్ర్ నమాజు తర్వాత ఇరవై నిమిషాలు కావచ్చు, బస్సు ప్రయాణంలో వల్లెవేసే ఒక ఆయత్ కావచ్చు. కానీ దానికి ఒక వేళ, ఒక చోటు ఉండాలి. ఆ వేళకు అడ్డొచ్చే పని ఏదో ఒకటి రోజులో నుంచి తీసేయాలి. తప్పిపోయిన రోజుంటే మర్నాడు అక్కడి నుంచే కొనసాగించాలి.

సగంలో ఆగిన గ్రంథం

హిజ్రీ 676లో ఆయన తన దగ్గరున్న వఖ్ఫ్ పుస్తకాలన్నీ తిరిగి అప్పగించారు. మరణించిన గురువుల సమాధులను దర్శించి వారి కోసం దుఆ చేశారు. మిత్రుల దగ్గర సెలవు తీసుకున్నారు. బైతుల్ మఖ్దిస్ సందర్శించి స్వగ్రామం చేరాక జబ్బుపడ్డారు. రజబ్ నెల 24న (క్రీ.శ. 1277 డిసెంబరు) తండ్రి ఇంట్లోనే అల్లాహ్ సన్నిధికి చేరారు. దుకాణంలో కూర్చోబెట్టిన తండ్రే, వేలు పట్టి నగరానికి తీసుకెళ్ళిన తండ్రే కుమారుణ్ణి సాగనంపవలసి వచ్చింది.

యౌవనంలో నాలుగో వంతు కంఠస్థం చేసిన ‘అల్ ముహజ్జబ్’కు ఆయన రాస్తున్న ‘అల్ మజ్మూ’ అనే బృహత్ వ్యాఖ్యానం అప్పటికి క్రయవిక్రయాల భాగంలో, వడ్డీ ప్రస్తావన దగ్గర ఉంది. అది అక్కడే ఆగిపోయింది. తర్వాత ఇమామ్ తఖీయుద్దీన్ సుబ్కీ (రహ్మలై) మరికొన్ని సంపుటాలు రాశారు, ఆయనా పూర్తి చేయలేకపోయారు. అయినా ఆ అసంపూర్ణ గ్రంథం నేటికీ పండితులకు ఆధారగ్రంథం.

మన పనులన్నీ పూర్తయ్యాకే మరణం వస్తుందన్న హామీ ఎవరికీ లేదు. ప్రతి రోజూ తన వంతు రాసినవాణ్ణి మరణం పేజీ మధ్యలో కలుసుకుంటుంది. తీరిక కోసం ఎదురుచూసేవాణ్ణి మాత్రం మొదటి అక్షరానికి ముందే కలుసుకుంటుంది. ఈ రెండింటిలో మనకు ఏది కావాలో ఈ రోజే నిర్ణయించుకుందాం.

అల్లాహ్ ఇమామ్ నవవీ (రహ్మలై)పై తన కారుణ్యాన్ని కురిపించుగాక! మన సమయంలో శుభం కలిగించి, చిన్నదైనా సరే ఒక సత్కార్యాన్ని ప్రతి రోజూ విడవకుండా చేసే భాగ్యం మనకు ప్రసాదించుగాక! ఆమీన్.