చేతిపనికి అంగడి వెతికిన కమలాదేవి

గంభీరావుపేట : సిరిసిల్ల ప్రాంతంలో మగ్గం మీది నుంచి దిగిన గుడ్డకు సావుకారు పేరు ఉంటుంది, అమ్మిన దుకాణం పేరు ఉంటుంది. నేసినవాని పేరు మాత్రం సాధారణంగా ఉండదు. ఈ సంగతిని దేశమంతటి మీద పట్టించుకున్న వారిలో ముఖ్యులు శ్రీమతి కమలాదేవి చటోపాధ్యాయ. 1988 అక్టోబరు 29న ఆమె కన్నుమూశారు.

ఆమె 1903 ఏప్రిల్ 3న మంగుళూరులో జన్మించారు. తండ్రి జిల్లా కలెక్టరు. ఆమెకు ఏడేళ్లప్పుడు తండ్రి వీలునామా రాయకుండానే చనిపోవడంతో ఆస్తి యావత్తూ సవతి కొడుకు వశమైంది. ఇస్తామన్న మనోవర్తిని తల్లి గిరిజాబాయి పుచ్చుకోలేదు. తన అరణం సొమ్ముతోనే బిడ్డను పెంచారు. పద్నాలుగో ఏట పెళ్లి, రెండేళ్లు తిరక్కుండానే వైధవ్యం. తర్వాత మద్రాసులో చదువుకుంటూ సరోజినీ నాయుడు తమ్ముడు హరీంద్రనాథ్ చటోపాధ్యాయను వివాహమాడారు. హరీంద్రనాథ్ హైదరాబాదులో పుట్టినవారు. ఆ వరుసన ఆమె హైదరాబాదు ఇంటి కోడలే. వితంతువు మళ్లీ పెళ్లాడడం ఆనాడు చిన్న సంగతి కాదు. ఆ కాపురం చివరిదాకా నిలవలేదు.

1926లో మద్రాసు శాసనమండలికి పోటీచేసి కొద్ది ఓట్ల తేడాతో ఓడారు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్లారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆమె దృష్టి కాందిశీకుల మీదికి, ఆపైన చేతిపనివారి మీదికి మళ్లింది. 1948లో ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ స్థాపించారు. ఢిల్లీలోని కాటేజ్ ఇండస్ట్రీస్ ఎంపోరియం నిర్వహణను ఆ సంస్థే 1952లో చేపట్టింది. అదే ఏడు ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డుకు ఆమె అధ్యక్షురాలయ్యారు. పనివాడు ఎంత నేర్పరి అయినా కొనేవాడు కనబడకపోతే కొడుకుకు ఆ పని నేర్పడు. ఆమె పట్టుకున్న కీలకం ఇదే.

తెలుగునాట ఇందుకు సాక్ష్యం శ్రీకాళహస్తి కలంకారి. నూలు గుడ్డను కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి ఆరవేస్తారు. ఇనుపతుక్కు, బెల్లం పులియబెట్టగా వచ్చిన నల్లటి నీటిలో వెదురు కలాన్ని ముంచి రామాయణ, భారత కథలు గీస్తారు. పటిక తగిలిన చోటనే వేళ్ల రంగు ఎర్రగా పట్టుకుంటుంది. ఒక్కొక్క రంగుకు ఒక ఉతుకు. గుళ్లలో తెరలు కట్టించే దాతలు తగ్గిపోగా ఈ పని తెలిసినవారు కొద్దిమందే మిగిలారు. 1957లో హస్తకళల బోర్డు అక్కడ శిక్షణ కేంద్రం తెరిపించి, జొన్నలగడ్డ లక్ష్మయ్యను గురువుగా పెట్టింది. కుర్రవాళ్లు కలం పట్టారు. ఆ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. కేంద్రం తెరవడం పదేళ్లు ఆలస్యమై ఉంటే నేర్పడానికి ఎవరు మిగిలేవారో ఊహించవచ్చు.

1965లో ఉత్తమ హస్తకళాకారులకు జాతీయ అవార్డులు మొదలయ్యాయి. పనివాని పేరు పత్రికల్లోకి రావడానికి అవి దారి చూపాయి. 1964లో నెలకొన్న ప్రపంచ హస్తకళల మండలి స్థాపనలోనూ ఆమె పాలు పంచుకున్నారు. 1966లో మెగసెసే అవార్డు, 1987లో పద్మవిభూషణ్ లభించాయి.

అయితే ఎంపోరియంలో సరుకు కొన్నది ఎక్కువగా పట్నంలోని కలిగినవారే. పల్లెలో రైతు కట్టుకునే ముతక గుడ్డకు ఆ అంగడిలో చోటు తక్కువ. సిరిసిల్లలో ఆ గుడ్డ మరమగ్గాల పాలయింది. కరీంనగర్ వెండి తీగ పని వంటి నగిషీకి మాత్రం పేరు నిలిచింది. దానికి 2007లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇప్పుడు కొందరు పనివారు సెల్‌ఫోనులో చీర ఫొటో పెట్టి నేరుగా అమ్ముతున్నారు. దళారి లేని బేరం కావాలన్నది ఆనాటి సహకార సంఘాల కోరిక కూడా.

ఆమె నడిపిన హస్తకళల బోర్డును కేంద్ర ప్రభుత్వం 2020లో రద్దు చేసింది. అంతకు మూడేళ్ల ముందు, 2017లో, మహిళా నేతకారులకు, చేతిపనివారికి ఆమె పేరిట ప్రత్యేక అవార్డులు ప్రకటించింది. మగ్గమున్న ఇంట్లో కండెలు చుట్టేది, ఆసు పోసేది చాలావరకు ఆడవారే. లెక్క రాసేటప్పుడు మాత్రం నేతగాడంటే ఇంటి మగవాడే.