విశ్వేశ్వరయ్యగారు - మూసీ పని

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడగగానే నాకు తట్టిన పేరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిది. నేను ఇంజనీరును కాను. కన్సల్టెంట్ల ఒప్పందాల ఫైళ్లు ముప్పై ఏళ్లు మోసిన గుమాస్తాను. ఆ దృష్టితోనే రాస్తున్నాను.

వారి పూర్వీకులది గిద్దలూరు దగ్గరి మోక్షగుండం. పుట్టింది మైసూరు సీమలోని ముద్దెనహళ్లిలో. 1884లో బొంబాయి ప్రభుత్వ ఇంజనీరుగా చేరి, 1908లో తామే పదవి వదులుకున్నారు. ఆ సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచింది. వేలమంది పోయారు. నిజాం ప్రభుత్వం కబురు పంపేటప్పటికి వారు ఇటలీలో ఉన్నారు. విదేశ పర్యటన ముగించుకుని వస్తామంటే ప్రభుత్వం ఆగింది. 1909 ఏప్రిల్‌లో పని మొదలయింది.

అప్పగించినవి మూడు: నగర పునర్నిర్మాణానికి సలహా, వరద రాకుండా ఉపాయం, మురుగు కాల్వల పథకం. ఫలితం ఏమిటో చెప్పారు గాని, దారి ఆయనకే వదిలారు. ఆయన నగరంలోని గట్లతో ఆగక, నదిని పైకి వెదుక్కుంటూ వెళ్లారు. ఎగువన చెరువులు వందలకొద్దీ తెగిన సంగతి లెక్క తీశారు. వరదను పైనే పట్టి మెల్లగా వదలాలని, మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు సూచించారు. ఆ ఏడాదే నివేదిక ఇచ్చి, నవంబరులో మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్లారు. కట్టింది ఇక్కడి ఇంజనీర్లే. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మురుగు కాల్వల కోసం వారిని తరువాత మళ్లీ పిలిపించుకున్నారు.

ఇక నా సంగతి. ఒక వాగు వంతెనకు కన్సల్టెంటును పెట్టారు. ఇన్ని బోర్లు, ఇన్ని డ్రాయింగులు అని ఒప్పందం. పునాది తవ్వితే మట్టి వేరుగా తేలింది. ఇంకో నాలుగు బోర్లు కావాలన్నాడాయన. ఒప్పందంలో లేదని నోటు రాసింది నేనే. నిబంధన ప్రకారం తప్పు కాదు. పై ఆఫీసు అభ్యంతరం, మా జవాబు, మళ్లీ అభ్యంతరం - పద్నాలుగు నెలలు తిరిగింది ఫైలు. ఆయన విసిగి వెళ్లిపోయాడు. రెండు వర్షాకాలాలు ఆ ఊరివాళ్లు పుట్టిలోనే వాగు దాటారు.

తొంభై దాటాక కూడా విశ్వేశ్వరయ్యగారు మొకామా దగ్గర గంగ వంతెనకు స్థలం సూచించారు. 1955లో భారతరత్న అందుకున్నారు, 1962లో కన్నుమూశారు.

మొన్న గండిపేట కట్ట మీద మనవడికి ఇదంతా చెప్పాను. వాడు నీళ్లు చూస్తూ, ఆ వంతెన చివరికి కట్టారా తాతయ్యా అని అడిగాడు. కట్టారు, నేను రిటైరయ్యాక.