ఫిడేలు నాయుడు గారు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమంటే నేను సిమెంటు, ఇనుము గురించి రాస్తానని మిత్రులు భయపడ్డారు. నేను రాస్తున్నది ద్వారం వెంకటస్వామి నాయుడు గారి గురించి.

కారణం ఉంది. బడిలో ఉదయం ప్రార్థన పాడే నలుగురిలో నేనొకణ్ణి. పాట అప్పటి నుంచీ నాతోనే ఉంది. యాభై దాటాక మారేడ్‌పల్లిలోనే, మా ఇంటికి రెండు వీధుల అవతల, ఒక మాస్టారి దగ్గర వయొలిన్ మొదలుపెట్టాను. గొంతులో పలికేది వేళ్లలోకి దిగడం వేరే సంగతని మొదటి వారంలోనే తెలిసింది. వీణకు 24 మెట్లుంటాయి. వయొలిన్‌కు ఒక్కటీ లేదు. వేలు వెంట్రుకవాసి జరిగినా స్వరం చెడుతుంది. జీవితమంతా కొలతలతో గడిపిన నాకు ఇక మానేద్దామనిపించింది. మాస్టారు కళ్లు మూసుకుని వాయించమన్నారు. నాయుడు గారి కథ చెప్పింది అప్పుడే.

ఆయన 1893 నవంబరు 8న బెంగుళూరులో పుట్టి, విశాఖపట్నంలో పెరిగారు. చిన్నతనంలోనే చూపు మందగించింది, బడి చదువు సాగలేదు. అన్నగారు వెంకటకృష్ణయ్య గారు వయొలిన్ చేతికిచ్చి తొలి గురువయ్యారు. ఆ వాద్యానికి కావలసింది చెవి. అది ఆయనకు నిండుగా ఉంది.

1919లో విజయనగరంలో మహారాజావారు సంగీత కళాశాల పెట్టారు. దివాణం ఉద్యోగి ఒకరి కొడుకు, చూపు లేని కుర్రవాడు, సంగీతం నేర్చుకోవాలని ఆశపడటమే దానికి మూలమని చెబుతారు. ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. నాయుడు గారు అక్కడ విద్యార్థిగా చేరదామని వెళ్లారు. దాసు గారు ఆయన వాయిద్యం విన్నారు, విని అధ్యాపకుడిగా తీసుకున్నారు! అప్పటికి నాయుడు గారికి 26వ ఏడు. మన బడి మాస్టార్లు, టీచరమ్మలు ఈ సంచిక చదువుతారు కనుక ఇక్కడ కాస్త ఆగుతున్నాను. సీటు కోసం వచ్చినవాడిలో గురువును గుర్తుపట్టడం ఎంతమందికి చేతనవుతుంది? నన్నడిగితే ఈ కథలో సగం గొప్పతనం దాసు గారిదే.

1936లో నాయుడు గారే ఆ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు.

మన కచేరీల్లో వయొలిన్ పక్కవాద్యం, గాయకుడి వెంట నడవాలి. పెద్ద విద్వాంసులకు ఆయనా అలా సహకరించారు. అక్కడితో ఆగక, వయొలిన్‌నే వేదిక మధ్యకు తెచ్చి సొంతంగా పూర్తి కచేరీలు చేశారు. కమాను లాగితే గొంతు పలికినట్టుండేది. పాత రికార్డులు దొరికితే వినండి. గరగర ఎక్కువే, కొంచెం ఓర్చుకోవాలి. సాహిత్యం తెలిసిన కృతి అయితే మాటలే వినిపిస్తాయి. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు, 1957లో పద్మశ్రీ వచ్చాయి. జనానికి మాత్రం ఆయన ఫిడేలు నాయుడు గారే. 1964 నవంబరు 25న కన్నుమూశారు.

ఆ కళాశాల విజయనగరంలో ఇప్పటికీ నడుస్తోంది. మన బ్యాచ్ వాళ్లు ఎవరైనా వెళదామంటే రైలు టిక్కెట్లు నేను తీస్తాను.